క్యాంపస్‌లో సైబర్ జాగ్రత్త: నూజివీడు ట్రిపుల్ ఐటీ పిల్లలకూ, ఇంట్లో పెద్దలకూ తెలియాల్సిన విషయాలు

హనుమాన్ జంక్షన్ దగ్గర విజయవాడ–ఏలూరు హైవే దిగి మామిడి తోటల మీదుగా వెళ్తే నూజివీడు. అక్కడున్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని జనం ట్రిపుల్ ఐటీ అనే పిలుస్తారు. 2008లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంతో ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పదో తరగతి మార్కులతోనే సీటు వస్తుంది. చదువు ఆరేళ్లు. మొదటి రెండేళ్లు పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. చేరేవాళ్లలో ఎక్కువ మంది పల్లెల్లోని ప్రభుత్వ పాఠశాలల నుంచి వచ్చిన పిల్లలు. అందరూ హాస్టల్లోనే ఉంటారు.

అంటే పదిహేను, పదహారేళ్ల వయసులో పిల్లవాడో పిల్లో ఇల్లు విడిచి వెళ్తారు. సొంత ల్యాప్‌టాప్, సొంత ఈమెయిల్, సొంత బ్యాంకు ఖాతా చాలామందికి ఆ వయసులోనే చేతికొస్తాయి. అటు ఇంట్లో తల్లిదండ్రులు అప్పుడప్పుడే ఫోన్‌పే, గూగుల్‌పే వాడటం నేర్చుకుంటూ ఉంటారు. సైబర్ మోసగాళ్లకు ఈ రెండు చోట్లా దారి దొరుకుతుంది. క్యాంపస్‌లో అవగాహన పెంచడం అంటే పిల్లలకు పాఠం చెప్పడం ఒక్కటే కాదు. విద్యార్థి, అధ్యాపకుడు, ఆఫీసు సిబ్బంది, ఇంట్లో ఉన్న అమ్మీ అబ్బా, అందరూ ఆ విశ్వవిద్యాలయ సమాజంలో భాగమే.

నష్టం ఎంత పెద్దదో తెలియాలంటే ఒక లెక్క చాలు. 2024లో దేశంలో సైబర్ మోసాల వల్ల ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ 2025 జూలైలో లోక్‌సభకు తెలిపింది. అంతకు ముందు ఏడాది అది 7,465 కోట్లు. ఏడాదిలోనే మూడు రెట్లు అయింది. ఇది ఫిర్యాదుల్లో నమోదైన మొత్తం మాత్రమే. సిగ్గుతోనో భయంతోనో ఎవరికీ చెప్పుకోకుండా ఊరుకున్నవాళ్ల నష్టం ఇందులో లేదు.

ఖాతా అద్దెకు ఇస్తే ఏమవుతుంది

విద్యార్థులకు అన్నిటికంటే ప్రమాదకరమైన మోసం డబ్బు పోయేది కాదు, డబ్బు వచ్చేది. "నీ బ్యాంకు ఖాతా వారం రోజులు వాడుకుంటాం, నీకు ఐదు వేలు ఇస్తాం" అని సీనియరో, టెలిగ్రామ్‌లో పరిచయమైనవాడో అడుగుతాడు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్, ఆ ఖాతాకు కలిపిన సిమ్ తీసుకుంటాడు. ఇంకెక్కడో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు ఆ ఖాతాలోకి వస్తుంది, నిమిషాల్లో మరో ఖాతాకు వెళ్లిపోతుంది. ఇలాంటి వాటిని మ్యూల్ ఖాతాలు అంటారు. మ్యూల్ అంటే కంచర గాడిద. బరువు మోసేది అది, సరుకు వేరేవాళ్లది.

డబ్బు పోయినవాళ్లు ఫిర్యాదు చేయగానే పోలీసులకు మొదట కనిపించే పేరు ఖాతాదారుదే. అసలు దొంగ దొరకడు, విద్యార్థి దొరుకుతాడు. ఖాతా స్తంభిస్తుంది. ఇంకో రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు వస్తుంది. "నాకు తెలియదు సార్, ఫ్రెండ్ అడిగితే ఇచ్చాను" అన్న మాట కేసును ఆపదు. చదువు పూర్తయి ఉద్యోగానికో పాస్‌పోర్టుకో పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఆ కేసు మళ్లీ ముందుకొస్తుంది. ఐదు వేల కోసం ఆరేళ్ల చదువు పణంగా పెట్టినట్టవుతుంది.

ఇలాంటి ఖాతాలను గుర్తించడానికి 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు మ్యూల్‌హంటర్ డాట్ ఏఐ అనే సాధనాన్ని ప్రకటించింది. ఖాతా, కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వకూడదన్నది మొదటి నియమం. తెలియని డబ్బు ఖాతాలో పడితే ఖర్చు పెట్టకూడదు. "పొరపాటున పంపాం, తిరిగి పంపు" అని ఫోన్ చేసినవాడికి నేరుగా పంపకూడదు. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, బ్యాంకు ద్వారానే వెనక్కి పంపించాలి.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవడానికి టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్ ఉంది. మనకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. ఈ పని ఏడాదికి రెండు మూడు సార్లు చేసుకోవడం మంచిది. ఇంట్లో పెద్దల ఆధార్ మీద కూడా చూడాలి.

పార్ట్‌టైమ్ పని నుంచి కంబోడియా దాకా

రెండో వల పని పేరుతో వస్తుంది. యూట్యూబ్ వీడియోకు లైక్ కొడితే, హోటల్‌కు రేటింగ్ ఇస్తే డబ్బులు అంటారు. మొదటి రోజు నిజంగానే వంద, రెండు వందలు వేస్తారు. నమ్మకం కుదిరాక "ఈ టాస్కుకు ముందు రెండు వేలు కట్టాలి, నాలుగు వేలు వస్తాయి" అంటారు. స్క్రీన్ మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే మాత్రం పన్ను కట్టమంటారు. ఇంటర్న్‌షిప్ పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగేవాళ్లదీ ఇదే పద్ధతి. జీతం ఇవ్వాల్సినవాడే ముందు డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు.

చదువు అయిపోయాక ఇదే వల ఇంకా పెద్దదవుతుంది. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఆంధ్ర యువకులను తీసుకెళ్లి, అక్కడ బంధించి, వాళ్ల చేతే భారతీయులను ఫోన్లలో మోసం చేయిస్తున్న ముఠా గురించి విశాఖపట్నం పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టారు. ఉద్యోగం కోసం ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్లినవాళ్లు, అక్కడ పాస్‌పోర్టు లాక్కోబడి, మోసం చేయకపోతే దెబ్బలు తిన్నారు.

గల్ఫ్‌కు పిల్లల్ని పంపే ఇళ్లలో ఏజెంటు మాట మీద నమ్మకం ఎక్కువ. తెలిసినవాళ్ల ద్వారా వచ్చాడంటే కాగితాలు అడగరు. అడగాలి. విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఎవరైనా చూడొచ్చు. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి పంపుతానన్నవాడితో మాట అక్కడే ఆపేయాలి.

అప్పు యాప్‌లు

హాస్టల్ ఖర్చుకు, ఫోను కొనుక్కోవడానికి మూడు వేలు, ఐదు వేలు ఇచ్చే యాప్‌లు చాలా ఉన్నాయి. 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడే, 2020 డిసెంబరు 23న, రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం రుణం ఇచ్చేది రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకో ఫైనాన్స్ సంస్థో అయి ఉండాలి. ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు యాప్ చూడకూడదు. కాంటాక్టులకు అనుమతి అడిగే అప్పు యాప్ ఏదైనా సరే, దాన్ని దొంగ యాప్ కింద లెక్కేసుకోవచ్చు. అలాంటి వాటి మీద రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఫొటోలు, బెదిరింపులు

పిల్లలు ఇంట్లో చెప్పలేక లోలోపల నలిగిపోయే విషయం ఇది. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయం, వీడియో కాల్, ఆ తర్వాత "డబ్బు పంపకపోతే మీ నాన్నకు, మీ క్లాసు గ్రూపుకు పంపుతా" అన్న బెదిరింపు. ఇప్పుడు అసలు ఫొటో కూడా అక్కర్లేదు. మామూలు ప్రొఫైల్ ఫొటో తీసుకుని కృత్రిమ మేధతో నకిలీది తయారు చేస్తున్నారు.

ముస్లిం కుటుంబాలకు దీని నొప్పి ఇంకో విధంగా కూడా తెలుసు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ముస్లిం మహిళల ఫొటోలను వాళ్ల సోషల్ మీడియా ఖాతాల నుంచి తీసుకుని, గిట్‌హబ్ వేదికగా పెట్టిన యాప్‌లలో "వేలం" అని పెట్టి అవమానించారు. జర్నలిస్టు ఇస్మత్ ఆరా ఢిల్లీ పోలీసులకు ఫిర్యాదు చేశారు. కొద్ది రోజుల్లోనే అరెస్టులు జరిగాయి. అరెస్టయినవాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా ఉన్నారు. క్యాంపస్‌లో అవగాహన బాధితులు కాకుండా ఉండటానికే కాదు, తెలివి ఉన్న కుర్రాడు సరదా అనుకుంటూ నేరస్తుడు కాకుండా ఉండటానికి కూడా అవసరమని ఆ రెండు కేసులూ చూపించాయి. ఆ మహిళలు ఫొటోలు పెట్టుకోవడం తప్పు కాదు. తప్పు దొంగిలించినవాళ్లది.

చట్టం ఇక్కడ స్పష్టంగానే ఉంది. 2000 సంవత్సరపు ఐటీ చట్టంలో 66సి సెక్షన్ ఇంకొకరి పాస్‌వర్డు, గుర్తింపు వాడుకోవడం గురించి, 66డి కంప్యూటర్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేయడం గురించి చెబుతాయి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక చిత్రం తీయడం, పంపడం 66ఇ కింద నేరం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల చిత్రాలైతే 67బి సెక్షన్‌తో పాటు 2012 నాటి పోక్సో చట్టం కూడా వస్తుంది. పీయూసీ పిల్లల్లో ఎక్కువ మంది ఈ వయసులోనే ఉంటారు. అలాంటి ఫొటోను వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన తోటి విద్యార్థి కూడా కేసులో ఇరుక్కుంటాడు.

బెదిరింపు వస్తే మొదటి పని డబ్బు పంపకపోవడం. ఒకసారి పంపితే రెండోసారి అడుగుతారు. చాట్ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి, ఆ తర్వాత బ్లాక్ చేయాలి. పద్దెనిమిది దాటినవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ, అంతకు లోపు వయసు ఉన్నప్పుడు తీసిన చిత్రాలకు టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉన్నాయి. వీటిలో ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోనులోనే ఆ ఫొటోకు వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది. ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. దాంతో ఆ సేవల్లో చేరిన సోషల్ మీడియా కంపెనీలు ఆ ఫొటోను గుర్తించి ఆపుతాయి. దేశంలో 2021 నాటి ఐటీ నియమాలు కూడా, బాధితులు ఫిర్యాదు చేస్తే అలాంటి చిత్రాలను త్వరగా తీసేయాలని ఆ కంపెనీలకు గడువు పెట్టాయి.

ఇంటి ఫోనుకు వచ్చేవి

క్యాంపస్‌లో పిల్లవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఇంట్లో ఫోను నుంచి ఫీజు డబ్బు పోవచ్చు. "మీ అబ్బాయి డ్రగ్స్ కేసులో దొరికాడు, సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, వీడియో కాల్ కట్ చేయొద్దు" అనే ఫోన్లు హాస్టల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు వస్తుంటాయి. దీన్నే డిజిటల్ అరెస్టు అంటున్నారు. చట్టంలో అలాంటి అరెస్టు అసలు లేదు. ప్రధాని కూడా 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో దీని గురించే చెప్పారు. ఆగండి, ఆలోచించండి, చర్య తీసుకోండి అన్నదే ఆ మాటల సారం. ఇలాంటి కాల్ వస్తే కట్ చేసి ముందు పిల్లవాడికే ఫోన్ చేయాలి. దొరక్కపోతే హాస్టల్ వార్డెన్‌కు చేయాలి. ఆ రెండు నంబర్లూ కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంచితే, కంగారులో వెతుక్కోనక్కర్లేదు.

స్కాలర్‌షిప్ మంజూరైందనో, పెళ్లి పిలుపనో, ట్రాఫిక్ చలానా అనో, రైతులకు వచ్చే పథకం డబ్బనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, యాప్. దాన్ని తెరిచి అనుమతులిస్తే ఫోనుకు వచ్చే ఓటీపీలు మోసగాడికి కనిపిస్తాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా తెరవకూడదు, ఎందుకంటే ముందు వాళ్ల ఫోనే పోయి ఉండొచ్చు.

మామిడి సీజన్‌లో తోటలవాళ్లకూ, పండ్ల వ్యాపారులకూ వచ్చే మోసం ఇంకోటి. పెద్ద ఆర్డర్ అంటాడు, అడ్వాన్సు పంపుతానంటాడు, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ గుర్తుంటే సగం మోసాలు ఆగుతాయి. డబ్బు పంపినట్టు చూపించే స్క్రీన్‌షాట్ కూడా నకిలీది కావచ్చు. ఖాతాలో పడిందో లేదో మన యాప్‌లో చూసుకున్నాకే సరుకు ఎత్తాలి.

రమజాన్‌లో జకాత్, సదఖా అడుగుతూ రోగి ఫొటోలతో తిరిగే మెసేజ్‌లలో అసలువీ ఉంటాయి, ఫొటో దొంగిలించి క్యూఆర్ మార్చినవీ ఉంటాయి. తెలిసిన మస్జిద్ కమిటీ ద్వారానో, ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగో ఇస్తే సొమ్ము చేరాల్సినవాళ్లకు చేరుతుంది. హజ్ దరఖాస్తు హజ్ కమిటీ వెబ్‌సైటు, హజ్ సువిధా యాప్ ద్వారా చేసుకోవచ్చు. ప్రైవేటు గ్రూపుతో హజ్‌కు వెళ్తే ఆ గ్రూపు పేరు మైనారిటీ వ్యవహారాల శాఖ జాబితాలో ఉందో లేదో చూడాలి. సగం ధరకే ఉమ్రా అనే ఫేస్‌బుక్ ప్రకటనకు అడ్వాన్సు కట్టేముందు ఆఫీసుకు వెళ్లి చూడటం మేలు.

బ్యాంకు నుంచి వచ్చిందో కాదో తెలుసుకోవడానికి రిజర్వు బ్యాంకు రెండు గుర్తులు పెట్టింది. బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామా ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగియాలి. బ్యాంకులు ఖాతాదారులకు లావాదేవీల గురించి చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి. మామూలు పది అంకెల మొబైల్ నుంచి బ్యాంకు మేనేజర్‌నంటూ ఎవరు చేసినా నమ్మక్కర్లేదు. అలాగే ఆధార్ వేలిముద్రలతో డబ్బు తీసే మోసాల నుంచి కాపాడుకోవడానికి ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవచ్చు. అవసరమైనప్పుడు తీసుకోవచ్చు.

పోయిందని తెలిసిన వెంటనే

డబ్బు పోయినట్టు తెలిసిన మొదటి గంట చాలా విలువైనది. ఆ గంటలో చేయాల్సినవి ఇవి.

ఒకటి, 1930కి ఫోన్ చేయాలి. ఇది దేశమంతటికీ ఒకే సైబర్ హెల్ప్‌లైన్. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చెబితే డబ్బు వెళ్లిన ఖాతాలో దాన్ని నిలిపేయమని బ్యాంకులకు సమాచారం వెళ్తుంది. మోసగాడు ఏటీఎంలో తీసేలోపు ఆ మాట చేరితే డబ్బు దొరికే అవకాశం ఉంటుంది.

రెండు, సొంత బ్యాంకుకు చెప్పి ఖాతా, కార్డు ఆపించాలి. ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పని దినాల్లో తెలియజేసినవాళ్ల మీద నష్టం పడదు. ఓటీపీ తానే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే తప్పు మనదే అయినా, త్వరగా చెబితే లాభమే.

మూడు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండా కూడా తెలియజేయొచ్చు.

నాలుగు, పోలీస్ స్టేషన్. ఈ ప్రాంతంలో దీనికో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. హనుమాన్ జంక్షన్ కృష్ణా జిల్లాలోనే ఉంది. ఇల్లు ఒక జిల్లా, క్యాంపస్ ఇంకో జిల్లా, మోసగాడు ఏ రాష్ట్రమో తెలియదు. ఎక్కడికి వెళ్లాలని ఆలోచిస్తూ కూర్చోనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి.

విశ్వవిద్యాలయాలు చేయగలిగేది

క్యాంపస్‌లో అవగాహనకు ఒక చట్రం ఇప్పటికే ఉంది. నెలలో మొదటి బుధవారం సైబర్ జాగరూకతా దివస్‌గా జరపాలని యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. 2022 అక్టోబరు 6న డిగ్రీ, పీజీ స్థాయిలకు సైబర్ భద్రత పాఠ్య ప్రణాళికను విడుదల చేసింది. ప్రశ్నల్లా అది పాఠంగా మిగులుతుందా, అలవాటుగా మారుతుందా అన్నదే.

ఏడాదికొకసారి ఆడిటోరియంలో ఉపన్యాసం వింటే మర్చిపోతారు. చేరిన మొదటి వారంలోనే ప్రతి విద్యార్థి చేత ఈమెయిల్‌కూ వాట్సాప్‌కూ రెండంచెల ధ్రువీకరణ పెట్టించడం, ఫలితాలు లేదా ఫీజు పేరుతో నకిలీ మెయిల్ ఎలా ఉంటుందో పంపి చూపించడం, ఏ సమాచారమైనా ఏ ఒక్క అధికారిక చిరునామా నుంచే వస్తుందో ముందే చెప్పడం పనికొస్తాయి. ఆఫీసు సిబ్బందికి ఇది మరింత ముఖ్యం. మార్కులు, ఆధార్ నకళ్లు, బ్యాంకు వివరాలు వాళ్ల కంప్యూటర్లలోనే ఉంటాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను ర్యాన్సమ్‌వేర్ స్తంభింపజేస్తే, అంత పెద్ద సంస్థలో రోజుల తరబడి కాగితాల మీద పని నడిచింది. అలాంటి దాడి జరిగితే ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం చెబుతోంది.

సంస్థలకే ఆరు గంటల గడువు పెట్టారంటే, దాచకుండా త్వరగా చెప్పడం ఎంత అవసరమో అర్థమవుతుంది. విద్యార్థికీ అంతే. ప్రతి హాస్టల్‌లో ఈ విషయాలు వినడానికి ఒక అధ్యాపకురాలు, ఒక అధ్యాపకుడు, ఇద్దరు సీనియర్లు ఉంటే, వాళ్లు విన్నది బయటకు పోదన్న నమ్మకం ఉంటే, పిల్లలు మొదటి గంటలోనే నోరు విప్పుతారు. పిల్లలు సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మీ ఫోనులో యాప్‌లు సరిచూసి, 1930 నంబరు సేవ్ చేసి రమ్మని చెప్పడం కూడా మంచి హోంవర్క్.

ఇంట్లో కుదుర్చుకోవాల్సిన మాట

మోసగాడి బలం సాంకేతికత కంటే బాధితుడి మౌనం. "అబ్బాకు తెలిస్తే చదువు మాన్పిస్తాడు" అన్న భయం ఉన్న అమ్మాయి బెదిరింపుకు డబ్బు కడుతూనే ఉంటుంది. "పిల్లల ముందు తెలివి తక్కువవాళ్లమవుతాం" అనుకునే పెద్దలు పోయిన డబ్బు గురించి రెండు వారాలు చెప్పరు. అప్పటికి అది పది ఖాతాలు దాటి ఉంటుంది.

అందుకే పిల్లల్ని హాస్టల్లో దించేరోజే ఒక మాట అనుకోవాలి. ఫోనులో ఏం జరిగినా, ఎవరి తప్పయినా, ముందు ఇంట్లో చెప్పాలి. చెప్పినందుకు తిట్లుండవు, చదువు ఆగదు. తప్పొప్పుల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు 1930కి ఫోన్ చేయాలి. ఆ మాట ఇచ్చిన పెద్దలు దాన్ని నిలబెట్టుకుంటే, నూజివీడులో ఉన్న బిడ్డకు ఇల్లు ఒక్క ఫోన్ కాల్ దూరంలోనే ఉంటుంది.